ఉప్పలమ్మ కుడిచెయ్యి

ఆ బర్రెను కుక్క కరిచిందన్న మాట దుర్గేష్ ఉప్పలమ్మకు చెప్పలేదు. చెప్పకుండానే ఆమె ఇంటికి పోయాడు, బండి మీద ఎక్కించుకొచ్చాడు, ఆ బర్రె నోట్లో ఆమె చేత చెయ్యి పెట్టించాడు. ఆమెకు జరిగిన అన్యాయం ఇదే. దీన్ని చిన్నది చేసి చూసుకోవడానికి అతను తర్వాత చాలా మాటలు వెతుక్కున్నాడు. అంత ప్రమాదమని తెలియదు కదా అనుకున్నాడు. పనుల్లో పడి మర్చిపోయాను అనుకున్నాడు. నాన్న ముందు నోరు పెగల్లేదు అనుకున్నాడు. ఒక్కటీ నిలబడలేదు. నాచారం నుంచి ఉప్పల్ దాకా బండి నడుపుతున్నంతసేపూ అతనికి గుర్తుంది. నాన్న అప్పుడు పక్కన కూడా లేడు.

ఉప్పల్, నాచారం వైపు పాడి పెట్టుకున్నవాళ్లలో ఉప్పలమ్మను ఎరగనివాళ్లు లేరు. నిజానికి వాళ్లు ఎరిగింది ఆమె కుడిచేతిని. బక్కపలచని, పొడుగాటి చెయ్యి. వేళ్లన్నీ దగ్గరికి ముడిస్తే పిడికిలి కూడా మణికట్టంతే ఉంటుంది. పశువు గొంతులో ఏదైనా అడ్డం పడితే ఆ చెయ్యి మోచేయి దాకా లోపలికి పోయి, దాన్ని వెతికి పట్టుకుని బయటికి వచ్చేది. మోత్కూరు అవతల వాళ్ల ఊళ్లో అది వాళ్ల నాయన పని. ఆయన మామిడి టెంకలు, మొక్కజొన్న బెండ్లు తీసేవాడు. కూతురు పట్నం వచ్చి ప్లాస్టిక్ కవర్లు తీసింది.

పట్నంలో పచ్చగడ్డి అంటే మూసీ ఒడ్డున పెరిగేదే. అది చాలక బర్రెలు రోడ్డు పక్క చెత్తకుప్పల మీద మేస్తాయి. ఉల్లిగడ్డ తొక్కుతో పాటు ఉల్లిగడ్డ కట్టిన కవరు కూడా మింగుతాయి. ఉప్పలమ్మ బయటికి తీసినవాటిలో పాల ప్యాకెట్లున్నాయి, ఫంక్షన్ హాలు వెనక పారేసిన ప్లేట్లున్నాయి, కొబ్బరి తాడు, చిన్నపిల్ల చెప్పు, ఒకసారి ఫోన్ చార్జర్ తీగ. దాన్ని నీళ్లలో జాడించి, "ఇగో, బర్రెకు ఎవ్వలన్న ఫోన్ కొన్నరా?" అందట. ఆ మాట ఉప్పల్‌లో చాలా రోజులు తిరిగింది.

ఆమె మొగుడు నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మూటలు ఎత్తేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక తాగి తాగి చచ్చిపోయాడు. అప్పటికి కూతురు అమృత బడికి పోతోంది. ఉప్పలమ్మ కొట్టాల్లో పెండ ఎత్తింది, బర్రెలను కడిగింది, ఎవరి ప్రహరీ దొరికితే దాని మీద పిడకలు కొట్టింది, తిట్లు తిన్నది, తిరిగి తిట్టింది. అమృత ఇప్పుడు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. గొంతులోంచి అడ్డం తీసినందుకు ఉప్పలమ్మ ఎవరి దగ్గరా ఇంత అని అడగలేదు. పాలో, పెరుగో, జున్నుపాలో గిన్నెలో పోస్తే పట్టుకుపోయేది. ఆమె గర్వమంతా ఆ చేతిలోనే ఉండేది. మనిషికి పట్నంలో మిగిలే గర్వం ఎప్పుడూ ఏదో ఒక ముక్కలోనే ఉంటుంది. ఆమెకు అది మోచేతి దాకా ఉంది, అంతే.

దుర్గేష్‌కు ఆమె చుట్టం కాదు. అతని తండ్రి చంద్రయ్యది, ఆమెది ఒకే దిక్కు ఊళ్లు. దుర్గేష్ తల్లి జబ్బుపడి ఊళ్లో ఉన్న ఏడాది ఉప్పలమ్మే వచ్చి వాళ్లకు వండి పెట్టింది. అప్పటి నుంచి అతను ఆమెను అత్తా అంటాడు, ఆమె అల్లుడా అంటుంది. అమృత పక్కనుంటే, "నీకేమో అల్లుడు, నాకేమో తమ్ముడు. మంచి లెక్క నీది" అని తల్లిని ఏడిపించేది.

ఇక కుక్క సంగతి. చంద్రయ్య కొట్టం మెట్రో పట్టాల అవతల, ప్లాట్లుగా మారుతున్న పొలాల మధ్య ఉంటుంది. మధ్యాహ్నం బర్రెలను మూసీ దిక్కు నుంచి తోలుకొచ్చే పని దుర్గేష్‌ది. డిగ్రీ తప్పిన కొడుక్కి తండ్రి ఇచ్చిన ఉద్యోగం అది. ఆ రోజు దార్లో టీ కొట్టు దగ్గర ఆగి ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ కూర్చున్నాడు. బర్రెలు కుప్ప మీద మేస్తున్నాయి. అరుపు వినబడి తలెత్తేసరికి ఎర్రమచ్చల కుక్క ఒకటి చుక్కబర్రె ముట్టె పట్టుకుని వేలాడుతోంది. రాయి విసిరాడు. వదిలింది. కానీ రాయి తగిలిన కుక్క పారిపోయినట్టు పారిపోలేదు. తూలుతూ పోయి ఒక ఆటో టైరును కరిచింది, అక్కడి నుంచి కరెంటు స్తంభాన్ని కరిచింది. కింది దవడ వేలాడుతోంది. ఆ కుక్క మంచి కుక్క కాదని అతనికి అక్కడే, ఆ క్షణంలోనే తెలిసింది.

"ముట్టె మీద ఆ గాయమేందిరా?" అన్నాడు చంద్రయ్య.

"కంపకు గీసుకుంది."

"నువ్వేడికి పోయినవ్?"

"ఎనకనే ఉన్న."

చంద్రయ్య పసుపు అద్దాడు. గాయం మానింది. పశువుల దవాఖానకు తోలుకుపోతే బర్రెకు సూదులు వేసేవాళ్లు, రోగం దాకా వచ్చేది కాదేమో. అలా తోలుకుపోవాలంటే ముందు కుక్క సంగతి చెప్పాలి. కుక్క సంగతి చెప్పాలంటే మ్యాచ్ సంగతి చెప్పాలి. పైగా పాలు పోసే అపార్ట్‌మెంట్ల వాళ్లకు తెలిస్తే? అంతకు ముందోసారి ఒక బర్రెకు పొదుగు వాచిందని పొరపాటున నోరు జారితే, అక్కడ పాలు పోయించుకునే పద్మావతి గారు వాళ్ల ఫ్లాట్ల గ్రూపులో పెట్టేశారు. ఆ ఫ్లాట్లలో సగం ఇళ్లు పాలు మానేశాయి. ఇవన్నీ తలుచుకుని దుర్గేష్ నోరు మూసుకున్నాడు. గాయం మానాక నోరు మూసుకున్న సంగతి కూడా పక్కకు జరిగిపోయింది.

ఎండలు ముదిరాక చుక్కబర్రె మేత మానేసింది. మెడ చాపి నిలబడేది. నోటి నుంచి సొల్లు తీగలు తీగలుగా కారేది. తొట్టిలో ముట్టె ముంచేది, నీళ్లు మాత్రం గుటక పడేవి కావు. అరిస్తే గొంతు బొంగురుపోయి ఏదో పాత మోటారు తిరిగినట్టు వచ్చేది.

"కవర్ మింగింది. పో, ఉప్పలమ్మను తోల్కరా," అన్నాడు చంద్రయ్య.

ఈ వైపు ఎవరైనా అదే అంటారు. సొల్లు కారుతూ నీళ్లు దిగని బర్రెను చూస్తే వాళ్లకు మొదట తోచేది కవరే. పదింట తొమ్మిదిసార్లు కవరే ఉంటుంది. ఆ పదోసారి గురించి ఎవరూ ఆలోచించరు. దుర్గేష్ ఒక్కడికే ఆలోచించడానికి కారణం ఉంది.

ఉప్పలమ్మ నాచారంలో వాళ్ల గది ముందు పిడకలు తిరగేస్తోంది. కబురు వినగానే చేతులు కడుక్కుని, ఆముదం సీసా కొంగులో కట్టుకుని బండెక్కింది.

"ఏందల్లుడా, మొకం గట్ల ఏలాడేసినవ్? పిల్లను సూడవోతే పిల్ల నిన్ను సూసి ఉర్కిందా?"

"ఏం లేదత్తా."

"ఏ బర్రె?"

"చుక్కబర్రె."

"అయ్యో, పాలిచ్చే తల్లి. మీ నాయన తవుడు పెట్టడు గని కవర్లు మాత్రం కడుపునిండ పెడ్తడు. నా మాటగ చెప్పు."

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఎర్రలైటు చాలాసేపు ఉంది. అత్తా, దాన్ని ఓసారి కుక్క కరిచింది. అంతే మాట. ఆమె వెనక కూర్చుని బస్సులోని ఎవరో పిల్లకు చెయ్యి ఊపుతోంది. పచ్చలైటు పడింది.

కొట్టంలో పని ఎప్పుడూ జరిగినట్టే జరిగింది. చంద్రయ్య బర్రె తలను గుంజకు బిగించి కట్టాడు. దవడల మధ్య కట్టెముక్క పెట్టారు. దుర్గేష్ నాలుక పట్టుకుని పక్కకు లాగాడు. ఉప్పలమ్మ మోచేతి దాకా ఆముదం రాసుకుని, "నా తల్లివి, నా బంగారివి, ఒక్క గడియ" అంటూ వేళ్లు ముడిచి చెయ్యి లోపలికి పంపింది. ఆమె కళ్లు మూసుకునేది అప్పుడు. చేతితో చూడ్డానికి కళ్లు అడ్డమట.

తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది.

"లోపల ఏం లేదు చంద్రయ్యా."

"ఇంక లోపలికి పోయిందేమో సూడు."

"సూసిన. గొంతు తీరు బాగలేదు. ఎప్పుడైన నా చెయ్యి తగిలితె గొంతు బిగిసి పట్టుకుంటది. ఇది సచ్చినట్టు వదులుగ పడున్నది. నా చెయ్యి ఉన్నట్టే దానికి ఎర్క లేదు."

మూడోసారి కూడా పెట్టింది. బర్రెకు పైన ముందుపళ్లు ఉండవు, నిజమే. లోపలి దవడ పళ్ల అంచులు మాత్రం రంపాల్లా ఉంటాయి. బయటికి తీసినప్పుడు ఆమె చేతి మీద సన్నటి గీతలు, గీతల మీద చిన్న చిన్న నెత్తురు బొట్లు, వాటి మీద సొల్లు. అది ఆమెకు కొత్త కాదు. ఆ చేతి నిండా పాత గీతలే. బర్రెలు తాగే తొట్టిలోనే చెయ్యి ముంచి కడిగి, కొంగుతో తుడుచుకుని, చాయ్ తాగింది. దుర్గేష్ ఆ గీతల వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

మర్నాటికి చుక్కబర్రె కూలబడింది. ఆ మర్నాడు చచ్చింది. ట్రాక్టర్ వచ్చి కళేబరాన్ని జవహర్‌నగర్ చెత్త డంపు దిక్కు తీసుకుపోయింది. ఉప్పలమ్మ వచ్చి ఖాళీ గుంజ దగ్గర కూర్చుని ఏడ్చింది. "నా చేతికే అందలేదేమో చంద్రయ్యా. లోపల ఉండె, నేనే పట్టలేకపోయిన."

చంద్రయ్య కాదనలేదు. పైగా గడ్డి కొనేచోట, తవుడు కొనేచోట, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు: "ఉప్పలమ్మ చెయ్యి పెట్టినంక సచ్చింది. ముసల్దయింది, చెయ్యి వనుకుతున్నది." ఆమె చెయ్యి వణకదు. ఆ సంగతి దుర్గేష్‌కు తెలుసు. వారం తిరక్కుండానే రామంతాపూర్‌లో ఒకతను తన బర్రెకు ఇంకెవరినో పిలిపించుకున్నాడని వినబడింది.

ట్రాక్టర్ పోయిన తెల్లారి దుర్గేష్ అదే టీ కొట్టు దగ్గర ఫోన్‌లో వెతికాడు. బర్రె, సొల్లు, నీళ్లు దిగడం లేదు అని కొట్టాడు. పశువుల డాక్టర్ ఒకాయన వీడియో వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని నింపాదిగా చెబుతున్నాడు: "గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని రైతులు నోట్లో చెయ్యి పెడుతుంటారు. దయచేసి పెట్టకండి. రేబిస్ వచ్చిన పశువుకు గొంతు పడిపోతుంది. అది మింగలేదు. చూస్తే ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది." దుర్గేష్ వీడియో ఆపి, మళ్లీ మొదట్నుంచి పెట్టి, మళ్లీ అక్కడే ఆపాడు.

అప్పుడు అతను ఏం చేశాడో విని అసహ్యపడేవాళ్లు పడొచ్చు. లేచి బండి తీసి నేరుగా ఉప్పల్ సర్కారు దవాఖానకు పోయాడు. వీధి కుక్క కరిచిందని చెప్పి, చీలమండ మీద ఏదో పాత గీత చూపించి, రెండు భుజాలకూ సూది వేయించుకున్నాడు. నాలుక పట్టుకున్నాడు కదా, చేతులకు సొల్లు అంటింది కదా. నాచారం అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. బండిలో పెట్రోలు ఉంది. అతను ఇంటికి పోయి పడుకున్నాడు.

మధ్యలో ఒకసారి ఉప్పలమ్మ ఇంటికి పోయాడు. చెప్పేద్దామనే పోయాడు. పాల క్యాన్ ఒకటి సాకుగా పట్టుకుపోయాడు. ఉప్పలమ్మ ఆ పాలు చూసి, "నా వల్ల బర్రె పాయె, ఇంక నాకు పాలెందుకు బిడ్డా" అంది. అంతకన్నా మంచి సందు ఉండదు. నీ వల్ల కాదత్తా, అని మొదలుపెడితే మిగతాది దానంతట అదే వచ్చేది. అతను, "గిట్ల అనకత్తా, దాని రాత," అన్నాడు. చెయ్యి ఎట్లుంది అని అడిగాడు. "గీతలు మానుతున్నయ్, దురద పెడ్తున్నయ్" అందామె. ఒక టీటీ సూది వేయించుకోరాదా అన్నాడు. "బర్రె పన్ను గీసుకుంటె సూదా? గట్లయితె నేను పుట్టినకాడి నుంచి దవాఖానలనే ఉండాలె," అని నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వి వచ్చేశాడు.

రెండో సూదికి పోయినప్పుడు సాయి ప్రియ అనే నర్సు ఉంది. చిన్న పిల్ల, మాట మాత్రం గట్టిది. కరిచిన చోటు చూపించమంది. చూసింది.

"ఇది కుక్క పన్ను కాదు భయ్యా. నిజం చెప్పు, ఏమైంది? నేనేం పోలీసును కాదు."

లైన్లో వెనక జనం ఉన్నారు. దుర్గేష్ గొంతు తగ్గించి బర్రె సంగతి చెప్పాడు.

"నువ్వేం జేసినవ్?"

"నాలుక పట్టుకున్న."

"నాలుక ఎందుకు పట్టుకున్నవ్?"

"గొంతుల చెయ్యి పెట్టనీకి."

"ఎవరు పెట్టిన్రు చెయ్యి?"

సాయి ప్రియ చేతిలోని దూది పక్కన పెట్టింది.

"ఆ మనిషి వచ్చిందా ఇంజక్షన్‌కు?"

"రాలే."

"చెప్పినవా?"

అతను నేల చూశాడు. ఆ పిల్ల అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీ లాక్కుని, మొద్దు పిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఇను. ఆ వైరస్ సొల్లుల ఉంటది. తెగిన తోలు దొరికితే లోపలికి పోయి నరం పట్టుకుంటది. రక్తంల ఉరకది, నరం పట్టుకుని మెల్లగ, మెదడు దాకా నడుస్తది. నెల పట్టొచ్చు, మూణ్నెల్లు పట్టొచ్చు, మెడకు మొకానికి దగ్గరైతే ఇంక జల్దీ. అది దారిల ఉన్నంతసేపే మనకు టైము. సూది పనిచేసేది అప్పుడే. మెదడుకు చేరి, నీళ్లు చూస్తే భయపడుడు షురువైందనుకో, ఇంక ఎంత పెద్ద డాక్టరైనా మంచం పక్కన నిలవడుడే."

"కరవలే గద మేడం. చెయ్యి పెట్టింది గంతే."

"సొల్లు, తెగిన తోలు. రెండు కలిస్తే చాలు. కుక్కే కానక్కర్లే. ఆ గీతలు మానినా సరే తీసుకురా. లేటైందని మానెయ్యొద్దు. పాలు తాగిన్రా ఎవరన్న?"

"ఇంట్ల, ఫ్లాట్లల్ల. కాగబెట్టే తాగుతరు."

"కాగబెడితే భయం లేదు. పచ్చివి తాగినోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లను గూడ పంపు. ముందు ఆమెను తే. పో. నీ సూది తర్వాత ఏస్త."

"మేడం, నాది ఏస్తే..."

ఆ మాట ఎలా బయటికి వచ్చిందో అతనికి తెలియదు. సాయి ప్రియ అతని మొహం వైపు కాసేపు చూసి, సూది తీసి వేసింది.

నాచారం చేరేసరికి ఉప్పలమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అమృత లోపల డ్యూటీకి తయారవుతోంది. దుర్గేష్ ఈసారి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. చుక్కబర్రెను కుక్క కరిచింది, పిచ్చి కుక్క, చెత్తకుప్ప దగ్గర. దానికి వచ్చింది ఆ రోగమే కావొచ్చు. నువ్వు సూది వేయించుకోవాలె.

ఉప్పలమ్మ గింజ తీసి పక్కన పెట్టింది. "ఏ కుక్క?" అంది. చెప్పాడు. "ఎన్నడు?" అంది. అదీ చెప్పాడు. ఆమెకు అర్థమైందో లేదో, ముందు భయపడింది సూదికి.

"నేను రాను. మా ఊళ్లె కుక్క కరిసినోనికి బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు పొడిసిన్రు. ఆడు ఇంటి ముందట్నించి పోతుంటె ఎన్నో సూదో అని మేమంత లెక్కవెట్టేది. నన్ను కుక్క కరవనే లే. మోత్కూరుల ఆకుపసరు పోసే ఆయన ఉన్నడు, పోయి పోయించుకుంట."

"పసరుతో పోదత్తా. ఇప్పుడు బొడ్డు కాడ ఎయ్యరు. భుజానికి. చీమ కుట్టినట్టుంటది."

"నీకెట్ల ఎర్క?"

"దవాఖానల చెప్పిన్రు."

"చెప్తరు. చెప్పి పండవెట్టి బొడ్డుల పొడుస్తరు. నేను రాను పో."

లోపలి నుంచి అమృత, "అమ్మా, ఆగు, ఏం సంగతి?" అంటూ వస్తోంది. ఈ మనిషి మొండికేసి మోత్కూరు బస్సెక్కుతుందని దుర్గేష్‌కు కనబడిపోయింది. ఎక్కుతుంది. ఎక్కి పసరు తాగి, హాయిగా తిరిగొచ్చి, ఒకరోజు చెంబు చూసి కేక పెడుతుంది. ఆమెను నమ్మించడానికి అతని దగ్గర ఉన్నది ఒక్కటే. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. భుజం మీద, పొద్దున వేసిన చోట చిన్న గుండ్రటి ఉబ్బు ఇంకా దిగలేదు.

"ఇగో. గింతే. నేను ఏసుకున్న. రెండు దిక్కుల."

ఉప్పలమ్మ లేచి దగ్గరికి వచ్చింది. ఆ ఉబ్బు మీద వేలు పెట్టి చూసింది.

"ఇయ్యాలటిదా?"

"ఇది ఇయ్యాలటిది."

"అంటె ఇంకోటున్నదా?"

"మొదటిది... బర్రెను తీస్కపోయిన తెల్లారి."

ఆమె వేలు అక్కడే ఉంది. అమృత గడపలోనే ఆగిపోయింది. వీధిలో గ్యాస్ బండి వాడు సిలిండర్ మీద రెంచితో కొడుతూ పోయాడు.

"నొచ్చిందా?" అంది ఉప్పలమ్మ.

"లే."

"మొన్న పాలు పట్టుకొచ్చిన్నాడు గూడ ఏసుకునే ఉన్నవా?"

"ఆఁ."

అప్పుడు అమృత నోరు తెరిచింది. "నువ్వు మనిషివేనారా? నీకు బువ్వ పెట్టిన చెయ్యిరా అది! నీ ప్రాణం మీదికొస్తె ఉర్కినవ్, మా అమ్మ ప్రాణం బర్రె పెండనా? ఆగమైతుంటె నవ్వుకుంట టీటీ ఏపిచ్చుకో అని చెప్పినవా?" అంటూ చేతికందిన చీపురు తీసింది. ఉప్పలమ్మే ఆపింది. ఆపింది అతని మీద జాలితో కాదు. "కొట్టుడు తర్వాత. బండి స్టార్ట్ చెయ్యమను" అంది.

బండి మీద ఎప్పుడూ ఆమె అతని భుజం పట్టుకుని కూర్చునేది. ఆ రోజు వెనకనున్న కడ్డీ పట్టుకుంది. సాయి ప్రియ సబ్బు పెట్టి కొళాయి కింద ఆ చేతిని చాలాసేపు కడిగించి, మొదటి సూది వేసి, గీతలన్నీ చూసి, ఇంకో రకం మందు కూడా కావాలని, కోరంటి ఫీవర్ దవాఖానకు పొమ్మని చీటీ రాసింది. అంబర్‌పేట మీదుగా, ఎండలో, ట్రాఫిక్‌లో పోయారు. వెనకే ఆటోలో అమృత.

అక్కడ డాక్టర్ ఒక్కో గీత చుట్టూ మందు ఎక్కించాడు. ఆ చేతి మీద గీతలు తక్కువ లేవు. ఉప్పలమ్మ పళ్లు బిగించి భరించి, ఆఖరికి, "నా చెయ్యి జల్లెడ జేసినవ్ గద సారూ, ఇంగ దీంట్ల పిండి జల్లించుకోవచ్చు" అంది. డాక్టర్ నవ్వాడు. దుర్గేష్ వైపు మాత్రం ఆమె చూడలేదు.

"బర్రెకు ఆ రోగమే వచ్చిందంటారా సార్?" అని దుర్గేష్ అడిగాడు.

"తల ఉంటే పరీక్ష చేసేవాళ్లు. ఇప్పుడేం చెప్తాం? తెలుసుకునేదాకా ఆగితే మనిషి దక్కదు. అందుకే ఆగం."

అంటే ఎప్పటికీ తెలియదు. ఆ రోగం కాదేమోనన్న ఆశ చాలా రోజులు దుర్గేష్‌ను పట్టుకుని ఉంది. కాకపోతే తన తప్పు తగ్గుతుందన్నట్టు. తగ్గదని అర్థం కావడానికి మిగతా సూదులన్నీ అయ్యేదాకా పట్టింది. ప్రతిసారీ అతనే బండి మీద తీసుకుపోయాడు. ఆమె ప్రతిసారీ వెనక కడ్డీయే పట్టుకుంది.

చంద్రయ్యకు కూడా చెప్పాడు. చెంప మీద ఒకటి పడింది. పశువుల డాక్టర్ వచ్చి మిగతా బర్రెలకు టీకాలు వేశాడు, చుక్కబర్రె తాగిన తొట్టిని కడిగించాడు, చంద్రయ్యను, అతని భార్యను కూడా దవాఖానకు పంపాడు. దుర్గేష్ మెట్లెక్కి పద్మావతి గారికి చెప్పాడు. "మేం కాచుకునే తాగుతాంలే అబ్బాయ్. కానీ ఇంత ఆలస్యంగానా చెప్పేది?" అని ఆమె తలుపు వేసుకుంది. మర్నాటి నుంచి ఆ ఫ్లాట్లలో ఎవరూ పాలు తీసుకోలేదు. అతను భయపడిందంతా జరిగింది. జరిగాక చూస్తే అది పెద్ద కష్టమేమీ కాదు. పొద్దున్నే ఇంకో నాలుగు వీధులు తిరిగి కొత్త ఇళ్లు చూసుకున్నాడు. ఈపాటి దానికోసమా ఆ సిగ్నల్ దగ్గర నోరు నొక్కుకున్నది అని తల్చుకుంటే అతనికి తన మీద తనకే ఉమ్మాలనిపించేది.

బర్రె చావు ఉప్పలమ్మ చేతి తప్పు కాదని చంద్రయ్య ఎక్కడా చెప్పలేదు. చెబితే కొడుకు సంగతి బయటపడుతుంది. దుర్గేష్ తనే గడ్డి కొట్టు దగ్గర, తవుడు మిల్లు దగ్గర చెప్పుకుంటూ తిరిగాడు. కొందరు విన్నారు. కొందరు, "నీకెందుకురా ఇయన్ని, నోరు మూసుకో," అన్నారు. సొల్లు కారే బర్రె నోట్లో చెయ్యి పెట్టొద్దు, ముందు డాక్టర్‌ను పిలువున్రి అని చెబితే, "మాకు ఎర్క లేదా, కవరే ఉంటది" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద అతనికి కోపం వచ్చేది, మరుక్షణమే ఆ కోపానికి తనకు హక్కు లేదని గుర్తొచ్చేది.

వానాకాలం పోయింది. ఉప్పలమ్మకు ఏమీ కాలేదు. డాక్టర్లు ఇంక భయం లేదన్నారు. అమృతకు కీసర దిక్కు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లకు అక్కడ పాడి ఉంది. తల్లిని కూడా తమతో వచ్చేయమన్నారు. ఈ సంగతి దుర్గేష్‌కు ఎవరో చెబితే తెలిసింది.

అతను తల్లీకూతుళ్లను ఉప్పల్ చౌరస్తాలో కీసర బస్సు కోసం ఆగి ఉండగా చూశాడు. అమృత మూటల మీద కూర్చుని మొహం తిప్పుకుంది. దుర్గేష్ బండి దిగి దగ్గరికి పోయాడు. "అత్తా, నన్ను మన్నించు" అన్నాడు.

ఉప్పలమ్మ అతన్ని నిదానంగా చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"నేను బతికిన. గా ముచ్చట వొడ్సింది. గని ఒక్కటి చెప్త, ఇను. ఎవ్వలి కొట్టానికి పోయినా నేను ముందుగాల అడుగుత. ఏం తిన్నది, ఎన్నడు తిన్నది, దెబ్బ తాకిందా, ఏమన్న కరిసిందా అని. అందర్ని అడుగుత. నీ బర్రెకు అడగలే. ఎందుకంటె అత్తా అని పిలుస్తివి. మా ఇంటోనివి, దాస్తవా అనుకున్న. ఇంగ నన్ను అత్తా అనకు. ఉప్పలమ్మా అని పిలువు, మంది పిలిసినట్టు. నీ బర్రెకు ఏమన్నయితె కబురు పెట్టు, వస్త. అడిగి చెయ్యి పెడ్త."